గడ్డలని చెప్పుకున్న జబ్బు

గర్భసంచి లేని మనిషికి రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? గురువారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోబోయిన సరోజిని, లంగా మీద పావలా బిళ్ళంత మరక చూసి, బాత్రూం గోడకి చేరగిలబడి ఈ ప్రశ్నే వేసుకుంది. మూడేళ్ళ కింద కాకినాడలో ఆపరేషన్ చేసి సంచీ తీసేశారు. రెండు అండాశయాలూ తీసేశారు. ఇక ఈ బాధ ఈ జన్మకి లేదనుకుని కొత్త బట్టలన్నీ లేత రంగులవే కొనుక్కుంది కూడాను. ఇప్పుడు ఇదేంటి?

చన్నీళ్ళతో ఉతికి, పిండి, దండెం మీద మిగతా బట్టల వెనకాల ఆరేసింది. మరక పోయింది గానీ గుండెదడ పోలేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, రాయ్‌పూర్ గుఢియారీలో ఓ ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పిల్లలకి హిందీలో లెక్కలు చెప్పుకుని బతికే మనిషి, ఆ సాయంత్రం పొయ్యి మీద కందిపప్పు పెట్టి కుక్కరు మూత పెట్టడం మర్చిపోయింది. క్యాన్సర్ అనే మాటని మనసులోకి రానివ్వకూడదని పనులన్నీ మీదేసుకుంది. అల్మారా సర్దింది, ఫ్యాను తుడిచింది. ఏ పని చేసినా ఆ మాట పక్కనే నిలబడి చూస్తోంది.

ఉర్లాలో స్టీలు ఫ్యాక్టరీ నుంచి భర్త ఎలీషా వచ్చాడు. అన్నం తిన్నాడు. "పప్పేంటి, ఇవాళ గుగ్గిళ్ళలా ఉంది" అన్నాడు. అంతకు మించి ఏమీ కనిపెట్టలేదు. మంచివాడే, కానీ భార్య మొహంలో రాసి ఉన్నది చదివే అలవాటు ఆయనకి మొదట్నించీ లేదు.

మామూలుగా అయితే ఆ ఇంట్లో ఇలాంటప్పుడు ఎవరికి చెప్పాలన్న ప్రశ్నే ఉండదు. రెండు సందుల అవతల ఎలీషా అక్క రత్నం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఓ ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. రాయ్‌పూర్ తెలుగు చర్చిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు రత్నానికి ఫోన్ చేస్తారు, ఆ తర్వాతే దేవుడికి ప్రార్థన చేస్తారు. పాస్టరుగారి బీపీ కూడా ఆవిడ చేతిలోనే ఉంది. మరదలంటే ఆవిడకి ప్రాణం. పండగకి తనకి చీర కొనుక్కోకపోయినా సరోజినికి కొంటుంది. నెత్తురు కనబడిందని ఒక్క మాట అంటే చాలు, డ్యూటీ వదిలేసి పరిగెత్తుకొస్తుంది.

సరిగ్గా ఆ రత్నానికే చెప్పలేదు సరోజిని. చెబితే మొత్తం చెప్పాలి. మొత్తం చెప్పాల్సొస్తుందనే కదా పాతికేళ్ళుగా ఆ సంగతిని బీరువా అడుగున చీరలా మడతపెట్టి దాచింది.

ఆ మడత విప్పాలంటే కాకినాడ దాకా వెళ్ళాలి. సరోజినికి ఇరవై మూడేళ్ళప్పుడు నెలసరి వచ్చిందంటే నేల మీద దొర్లేది. వాము నీళ్ళు తాగించారు, వేడినీళ్ళ సీసా పెట్టారు, పెళ్ళయితే అదే సర్దుకుంటుందన్నారు. చివరికి ఓ డాక్టరు కెమెరా గొట్టం వేసి చూసి, అండాశయం మీద చాక్లెట్ సిస్టు ఉందని తీసేశాడు. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్ అన్నాడు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది బయట ఎక్కడపడితే అక్కడ మొలిచి, నెలనెలా అక్కడే నెత్తురోడుతుందట. పిల్లలు పుట్టడం కొంచెం కష్టం కావచ్చు, అసాధ్యం మాత్రం కాదు అన్నాడు. తల్లి సాయిలక్ష్మి కష్టం అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ముందుగా ఆ పేరు మీద కోపం తెచ్చుకుంది, ఆడపిల్ల కొంప ముంచే రోగానికి మిఠాయి పేరేంటని. తర్వాత బస్సులో కూతురి చెయ్యి పట్టుకుని, "ఎవరన్నా అడిగితే చెబుదాం. అడక్కపోతే మనకేం?" అంది.

పెళ్ళిచూపుల్లో ఎవరడుగుతారు? మరుసటేడు రాయ్‌పూర్ నుంచి వచ్చినవాళ్ళు పాట పాడమన్నారు, బైబిల్లో ఓ కీర్తన చదవమన్నారు. పొట్టలో ఏముందని అడగలేదు. పెళ్ళయిపోయింది.

పిల్లలు కలగలేదు. అత్తవారింట్లో ఒక్కరంటే ఒక్కరు సరోజిని వంక వేలు చూపించలేదు, ఎందుకంటే వాళ్ళ దగ్గర వాళ్ళ కారణం వాళ్ళకి ఉంది. ఎలీషాకి పదిహేనేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి. తల్లి మేరీ సామర్లకోటలో చెల్లెలి పురిటికి వెళ్ళి ఉంది. అప్పుడే నర్సింగ్ మొదటి ఏడాదిలో చేరిన రత్నానికి తమ్ముణ్ణి అప్పజెప్పింది. చెంపలు వాచాయి, జ్వరం మాత్ర ఇచ్చింది. తర్వాత కింద కూడా వాచింది. వాడు సిగ్గుపడి నాలుగు రోజులు చెప్పలేదు. చెప్పాక కూడా, అదే తగ్గుతుందని పుస్తకంలో చదివాను అంటూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు రత్నం. అదీ ఆ ఇంట్లో తెలిసిన కథ. పెళ్ళయిన మూడో ఏడు నుంచీ మేరీ అన్నం వడ్డిస్తూ, బట్టలు మడతపెడుతూ, చర్చి మెట్లు దిగుతూ అదే మాట అనేది. "నర్సు చదువు చదివావు. తమ్ముడి వంశం ఆపావు."

రత్నం తలదించుకుని లేచి, గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయేది. పక్కనే కూర్చుని అన్నం తింటున్న సరోజినికి మాట నాలుక చివరి దాకా వచ్చేది. ముద్దతో పాటు మింగేసేది. చెడ్డ మనిషి కాదు సరోజిని. అందరూ తనని జాలిగా, ప్రేమగా చూసుకుంటున్న చోటు నుంచి లేవడానికి బద్ధకించిన మనిషి. ఇవాళ కాదు రేపు చెబుదామనుకుంటూ ఉండగానే మేరీ మంచం పట్టింది. పోయే ముందు రోజు కూడా కూతురు నోట్లో నీళ్ళు పోస్తుంటే మొహం పక్కకి తిప్పుకుంది. అది సరోజిని కళ్ళారా చూసింది.

తర్వాత తర్వాత నొప్పి భరించలేక ఆపరేషన్‌కి సిద్ధమైనప్పుడు, పుట్టింటి దగ్గర చూసుకునేవాళ్ళుంటారని కాకినాడ వెళ్ళింది. అసలు కారణం, అక్కడైతే పాత డాక్టరుకి కొత్తగా ఏమీ చెప్పుకోనక్కర్లేదు, రత్నం కాగితాలు చూడదు. ఏమైందని అడిగితే గడ్డలంది. మన ఆడవాళ్ళ ఆపరేషన్లన్నిటికీ ఉన్న పేరు అదొక్కటే. గడ్డలంటే ఇంకెవరూ గుచ్చి గుచ్చి అడగరు, పెద్దవాళ్ళు తలూపి, చిన్నవాళ్ళని బయటికి పంపేస్తారు. రత్నం స్త్రీల కూటంలో నిలబడి ప్రార్థన అవసరతల్లో మొదటిదిగా చెప్పింది. "మా సరోజినికి గర్భసంచిలో గడ్డలు. ఒక్కటి కూడా మిగలకుండా దేవుడు తీసేయాలి." నలభై మంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని, లేని గడ్డల మీద ఏకమనస్సుతో ప్రార్థించారు. సరోజిని తిరిగొచ్చాక అదే కూటంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది, గడ్డలు పోయాయి, దేవునికి స్తోత్రం అని. చర్చిలో నిలబడి చెప్పింది కాబట్టి ఆ మాట ఇక వెనక్కి తీసుకునే మాట కాదు.

అండాశయాలు తీశాక ఒళ్ళంతా సెగలు. తెల్లారేసరికి దిండు తడిసిపోయేది. నల్లబల్ల ముందు నిలబడితే మెడ నుంచి నెత్తి దాకా నిప్పు పాకేది. ఎత్తిన సుద్దముక్కతో ఏం రాయబోయిందో మర్చిపోయేది. కాకినాడ డాక్టరు చేతికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్ ఒకటి, పడుకునే ముందు వేసుకునే ప్రొజెస్టెరాన్ మాత్ర ఒకటి ఇచ్చాడు. "రెండూ కలిపే వాడాలమ్మా. నీ పాత జబ్బు అవశేషం లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. జెల్ ఒక్కటే వాడితే దానికి తిండి పెట్టినట్టవుతుంది. మాత్ర దాన్ని అణిచి ఉంచుతుంది" అన్నాడు. జెల్ మొదలెట్టిన నెలలో మనిషి మనిషైంది. నిద్రపోయింది. పిల్లల మీద అరవడం మానేసింది. ఎలీషా ఓ ఆదివారం "నువ్వు పాట పాడుకుంటున్నావేంటి" అని ఆశ్చర్యపోయాడు. మాత్ర మాత్రం పడలేదు. పొట్ట ఉబ్బేది, పొద్దున్న లేస్తే తల దిమ్ముగా ఉండేది.

ఓ రోజు రత్నం వచ్చి అల్మారాలో ఆ మాత్రల అట్ట చూసింది.

"ఇది నీకెందుకు ఇచ్చాడే?" అంది. "ఇది గర్భసంచి ఉన్నవాళ్ళకి. జెల్ వల్ల సంచి లోపలి పొర మందమవకుండా ఇస్తారు. నీకు సంచే లేదు కదా. కడుపుబ్బరం ఊరికే వచ్చిందా? బంద్ చెయ్."

నర్సు చెప్పిందాంట్లో తప్పు లేదు. గడ్డలకి ఆపరేషన్ అయిన మనిషికైతే అక్షరాలా అంతే. సరోజినికి డాక్టరు మాట గుర్తుంది. "కాదు వదినా, నాకు వేరే ఉంది" అనాలి. ఏముంది, ఎప్పట్నించి ఉంది, పెళ్ళికి ముందా వెనకా అని వదిన అడుగుతుంది. ఆ అడగడం తలుచుకుని ఒళ్ళు జలదరించింది. పైగా ఆ మాత్ర వేసుకోవాలని తనకి మాత్రం ఉందా? రత్నమే అట్ట తీసి చెత్తబుట్టలో పడేస్తుంటే, చూస్తూ ఊరుకుంది. ఏడాది కావస్తోంది. ఆ ఏడాదంతా జెల్ ఒక్కటే.

ఇప్పుడీ మరక.

మర్నాడు తనకి తోచిన వైద్యం తను చేసుకుంది. జెల్ కూడా మానేసింది. తిండి ఆపితే అదే చస్తుందిలే అనుకుంది. వారం తిరిగేసరికి సెగలు తిరిగొచ్చాయి, నిద్ర పోయింది, క్లాసులో ఓ పిల్ల లెక్క తప్పు చేస్తే పలక లాక్కుని బల్ల మీద గట్టిగా కొట్టింది. ఆ పిల్ల బిక్కమొహం చూసి స్టాఫ్ రూంలోకెళ్ళి ఏడ్చింది. పోనీ నెత్తురైనా ఆగిందా అంటే అదీ లేదు. మళ్ళీ కనబడింది, ఈసారి నొప్పితో సహా. పొత్తికడుపు ఎడమ పక్క మొదలై తొడలోకి దిగే నొప్పి. ఆ నొప్పి ఆవిడకి కొత్త కాదు. ఇరవై మూడేళ్ళప్పుడు నేల మీద దొర్లించినది అదే. అదేనేమో అనుకుంటే కొంచెం ధైర్యం వచ్చేది, అది కాకపోతేనో అనుకుంటే ఉన్న ధైర్యమూ పోయేది. కూటంలో క్యాన్సర్‌తో పోయిన దానయ్యగారి భార్య గుర్తొచ్చేది. ఆవిడ కూడా చెప్పడానికి మొహమాటపడే ఆలస్యం చేసిందన్నారు.

ఆదివారం ఆరాధనలో మూడో కీర్తన పాడుతుండగా సెగ తన్నుకొచ్చింది. పాటల పుస్తకంతో విసురుకుంటుంటే పక్కనున్న రత్నం మణికట్టు పట్టుకుంది. నర్సు చెయ్యి అది, పట్టుకుంటే నాడి తెలిసిపోతుంది. బయటికి, చెప్పులు విడిచే చోటికి లాక్కొచ్చింది.

"జెల్ రాసుకోవట్లేదా?"

"మానేశాను వదినా."

"ఎందుకు?"

సరోజిని చుట్టూ చూసింది. లోపల ప్రసంగం మొదలైంది. "నెత్తురు కనబడింది. రెండుసార్లు."

రత్నం మొహంలో రంగు పోయింది. ఇన్నేళ్ళలో ఎవరికి ఏ రోగం వచ్చినా వదిన మొహం అలా అవ్వడం సరోజిని చూడలేదు. "సంచి లేదు కదే, నెత్తురు ఎక్కణ్ణుంచి..." అని మొదలుపెట్టి ఆపేసింది. అంతలోనే తేరుకుని, "ఏం కాదు, భయపడకు. రేపు ఛుట్టీ పెట్టు. మోవాలో డాక్టరమ్మ ఉంది, మా ఆస్పత్రికి వస్తుంటుంది. నేను వస్తా" అంది. నేను ఒక్కదాన్నే వెళతాను వదినా అనబోయింది సరోజిని. రత్నం అప్పటికే ఫోన్ తీసింది.

సోమవారం ఆటోలో బిలాస్‌పూర్ రోడ్డు మీద వెళుతున్నంతసేపూ రత్నం మరదలి చెయ్యి వదల్లేదు. పెదాలు కదుపుతూ ఏదో ప్రార్థన చేసుకుంటోంది. సరోజిని కూడా చేసుకుంది. జబ్బు తగ్గాలని కాదు. వదినని గది బయట కూర్చోబెడితే బాగుండునని. సిగ్గుపడాల్సిన ప్రార్థన అది, సిగ్గుపడింది కూడా.

ఆ ప్రార్థన ఫలించలేదు. డాక్టరమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచింది, రత్నం సిస్టర్ అని నవ్వుతూ కుర్చీ చూపించింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, సరోజిని నోరు తెరిచే లోపలే రత్నం హిందీలో గడగడా అప్పజెప్పేసింది. నలభై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళ కింద గడ్డలకి గర్భసంచీ, అండాశయాలూ తీశారు. ఈస్ట్రోజన్ జెల్ ఒక్కటే. ఇప్పుడు రక్తం, నొప్పి.

డాక్టరమ్మ పరదా వెనక్కి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. చాలాసేపు చూసింది. చేతి తొడుగులు తీసేస్తూ, "లోపల, సంచి తీసి కుట్టిన చోట నీలంగా చిన్న మచ్చ ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపిస్తాను" అంది. తర్వాత కుర్చీలో కూర్చుని సరోజిని వైపే చూస్తూ అడిగింది. "గడ్డలేనా? చిన్నప్పుడు నెలసరికి బాగా నొప్పొచ్చేదా? పిల్లలెంతమంది?"

"పిల్లలు లేరు మేడమ్" రత్నమే జవాబిచ్చింది. గొంతు తగ్గించింది. "అది ఆవిడ లోపం కాదు. మా తమ్ముడికి చిన్నప్పుడు గవదలు వచ్చాయి, నేను సరిగ్గా చూడలేదు. తప్పు నాది. ఆవిడది ఏమీ లేదు."

డాక్టరమ్మ తలూపి కలం తీసుకుంది, అదే రాసుకోబోతోంది.

సరోజినికి చెవుల్లో హోరు మొదలైంది. సెగో, భయమో తెలియలేదు. ఇప్పుడు ఊరుకుంటే వైద్యం గడ్డలకి జరుగుతుంది. ఆ వైద్యం తప్పయితే ప్రాణానికే ముప్పు కావచ్చు, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. చిత్రమేమంటే ఆ క్షణంలో నోరు తెరిపించింది ప్రాణభయం కాదు. వదిన ఓ పరాయి డాక్టరు ముందు, అడక్కుండానే, ఇంత మామూలుగా తప్పు నాది అనేసింది. ఎన్నిసార్లు అనుకుంటే అంత మామూలుగా వస్తుంది ఆ మాట?

"గడ్డలు కాదు" అంది సరోజిని. హిందీలో అనబోయి తెలుగులో అనేసింది. మళ్ళీ హిందీలో చెప్పింది. "ఎండోమెట్రియోసిస్. ఇరవై మూడేళ్ళప్పుడే తెలిసింది. చాక్లెట్ సిస్టు తీశారు. పెళ్ళికి ముందు. మూడేళ్ళ కింద చేసిన ఆపరేషనూ దానికే. జెల్‌తో పాటు మాత్ర కూడా ఇచ్చారు, రెండూ వాడమన్నారు. నేనే మానేశాను."

రత్నం వంక చూసే ధైర్యం చాలలేదు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఈ మాట ముందు చెప్పి ఉండాల్సింది" అంది, కోపంగా కాదు. సంచీ, అండాశయాలూ తీసినా ఆ జబ్బు తాలూకు మచ్చలు కొన్ని మిగిలిపోతాయని, ఈస్ట్రోజన్ ఒక్కటే దొరికితే మళ్ళీ లేస్తాయని, అందుకే అలాంటివాళ్ళకి సంచి లేకపోయినా రెండూ కలిపి ఇస్తామని విడమర్చి చెప్పింది. ఇది అదే అయ్యుండొచ్చు. అరుదుగా అలాంటి మచ్చ క్యాన్సర్‌గా మారడమూ ఉంది కాబట్టి పరీక్ష తప్పదు. ఫలితం వచ్చేదాకా జెల్ వద్దు, మాత్ర ఒక్కటే వేసుకోవాలి. దాంతో సెగలు కూడా కొంత తగ్గుతాయి. అంతా బాగుంటే తర్వాత జెల్ చేరుద్దాం అంది.

"ఆ మాత్ర..." అంది రత్నం. అదే ఆ గదిలో ఆవిడ అన్న ఆఖరి మాట. "ఆ మాత్ర నేనే పారేశాను మేడమ్."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో రత్నం అటు చివర కూర్చుంది. మధ్యలో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంది. గుఢియారీ మలుపులో మందుల షాపు ముందు ఆటో ఆపించి, దిగి, మాత్రల అట్ట కొనుక్కొచ్చి సరోజిని ఒళ్ళో పడేసింది. ఇంటి దగ్గర దిగుతుంటే సరోజిని "వదినా" అంది. రత్నం ఆటోవాడితో "చలో భయ్యా" అంది.

సాయంత్రం ఎలీషాకి చెప్పింది. ఇన్నేళ్ళు కష్టపడి దాచిన సంగతి, చెప్పడానికి మాత్రం ఎంతో సేపు పట్టలేదు. ఆయన బూట్లు విప్పుతున్నవాడు ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అక్కకి తెలుసా?"

"ఇవాళే తెలిసింది."

"నేనెందుకు టెస్టు చేయించుకోలేదనుకున్నావు?" అన్నాడు. "మగతనం పోతుందనా? లోపం నాదేనని కాగితం మీద తేలితే అక్క బతకదని. తేలకపోతే కనీసం అనుమానంలోనైనా ఉంటుందని." బూటు నెమ్మదిగా కింద పెట్టాడు. "నువ్వు ఒక్క మాట చెప్పుంటే మా అమ్మ అక్కకేసి చూసి పోయేది సరోజినీ."

తిట్టినా బాగుండేది అనుకుంది ఆవిడ.

ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియదు. ఫోన్ మోగితే తీయడానికి భయపడేది, మోగకపోతే ఎందుకు మోగట్లేదని భయపడేది. పరీక్షకి ముక్క తీసిన చోటు సలుపుతుంటే ఆ సలుపు పెరుగుతోందా తగ్గుతోందా అని కొలుచుకునేది. పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తూ, వచ్చే ఏడు ఈ క్లాసుకి ఎవరొస్తారో అనుకునేది. రత్నం గడప తొక్కలేదు. కానీ రోజూ రాత్రి భోజనాల వేళకి ఫోన్ చేసేది.

"మాత్ర?"

"వేసుకున్నాను వదినా."

ఫోన్ పెట్టేసేది. అంతే. ప్రేమో కోపమో తెలియని ఆ ఒక్క మాట కోసం సరోజిని ఫోన్ పక్కన పెట్టుకుని అన్నం తినేది.

నవంబరు ఒకటిన స్కూల్లో ఉండగా ఫోన్ వచ్చింది. రాత్రి కాని వేళ వదిన పేరు చూసి, వరండా స్తంభం పట్టుకుంది.

"క్యాన్సర్ కాదు. ఆ పాత జబ్బే" అంది రత్నం. సరోజిని స్తంభానికి నుదురు ఆనించి ఏడ్చింది. అటువైపు కూడా ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "రేపు సమాధుల పండగ. సాయంత్రం అమ్మ దగ్గరికి రా. తమ్ముణ్ణీ తీసుకురా" అని ఫోన్ పెట్టేసింది.

సమాధుల పండగ రోజు శ్మశానం తిరణాలలా ఉంటుంది. సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, ఎవరి పెద్దల దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. హిందీ పాటలు ఒక పక్క, తెలుగు కీర్తనలు ఒక పక్క. మేరీ సమాధి దగ్గర రత్నం అప్పటికే సున్నం వేసి, పేరు మీద నల్లరంగు దిద్ది, చేతులు తుడుచుకుంటోంది. పక్క సమాధుల దగ్గర కూటంలోని ఆడవాళ్ళు ఉన్నారు. పలకరించారు. గడ్డల కోసం ప్రార్థించినవాళ్ళే అందరూ.

సరోజిని కొవ్వొత్తి వెలిగించబోతే రత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు అమ్మకి చెప్పు."

"వదినా..."

"డాక్టరుకి చెప్పావు, తమ్ముడికి చెప్పావు. నాకు నువ్వు చెప్పలేదు, నేను పక్కనుండి విన్నాను, అది సరే. అమ్మకి చెప్పు. గట్టిగా చెప్పు. ఆవిడకి ఆఖర్న చెవుడొచ్చింది."

ఎలీషా మొహం తిప్పుకుని పువ్వులు సర్దుతున్నాడు. సరోజిని చెప్పులు విడిచి, చల్లటి గచ్చు మీద మోకాళ్ళు ఆనించింది. పక్క సమాధి దగ్గర పాట ఆగింది. ఆగకపోతే బాగుండేదనిపించింది. ఒంట్లోంచి సెగ లేచి మొహమంతా తడిసిపోయింది, తుడుచుకోలేదు.

"అత్తయ్యగారూ" అంది. గొంతు పెంచింది. "నాకు పెళ్ళికి ముందే ఎండోమెట్రియోసిస్ ఉంది. గడ్డలు కాదు. పిల్లలు పుట్టడం కష్టమని డాక్టరు అప్పుడే చెప్పాడు. మా అమ్మా నేనూ దాచాం. గవదల వల్లే అని ఎవరూ తేల్చలేదు. మీరు రత్నం వదినని అన్నన్నాళ్ళూ నేను పక్కనే కూర్చుని అన్నం తిన్నాను."

కూటంలోని ఆడవాళ్ళు కదలకుండా చూస్తున్నారు.

రత్నం ఒక్కసారిగా కూలబడినట్టు సమాధి అంచున కూర్చుంది. యాభై ఆరేళ్ళ మనిషి, ఆస్పత్రిలో పోయినవాళ్ళు ఎంతమందికో కళ్ళు మూసిన మనిషి, తల్లి పేరు మీద అరచెయ్యి ఆనించి, చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెట్టింది.

"విన్నావా అమ్మా" అంది. "ఇప్పుడైనా ఇటు తిరుగు."